మడ్డి లేచిన తొమ్మిదో పీపా

చెంప ఛెళ్లుమన్న చప్పుడు తలుపు బయట కాపలా ఉన్న పోలీసుకు కూడా వినిపించింది.

అల్లుడి మీద చెయ్యి చేసుకున్న మామను ఎక్కడైనా చూశారా? ఎంత కోపం వచ్చినా కూతురి కాపురం తలుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తిరుపతయ్య తీసుకోలేదు. వరంగల్ జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన చెయ్యి అది. అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని కూతురింటికి వచ్చిన ఈ మూడు నెలల్లో అల్లుడు శ్యామ్‌సుందర్‌ని "మీరు" అని తప్ప పిలిచి ఎరగడు. ఇవాళ "నువ్వు" అన్నాడు, దాని వెంటే దెబ్బ కూడా వేశాడు.

"ఇంకొక్కసారి అడుగుతున్న. ఆ కోల్డ్ రూమ్‌లకు నిన్ను పంపింది ఎవరు?"

శ్యామ్‌సుందర్ కుడి చేతికి బేడీ ఉంది. దాని రెండో కొనను ఆ ఆఫీసు గది గోడకున్న హీటర్ పైపుకి తగిలించారు. చొక్కా ముందు భాగమంతా రక్తం. అది అతని రక్తం కాదు.

"ఎవరూ పంపలేదు మామయ్యా. జడ్జిలకి జగ్గు నింపుదామని నేనే వెళ్లాను." ఆ మాట అంటూ తలుపు వైపు ఒకసారి చూసి కళ్లు దించుకున్నాడు.

అబద్ధం. జీవితమంతా దొంగలను ఎదురుగా కూర్చోబెట్టి అడిగిన మనిషికి ఆ చూపు చాలు. చెయ్యి మళ్లీ లేచింది.

"బాపూ, ఇంక కొట్టకు," అంటూ గౌరి వచ్చి మొగుడికి అడ్డంగా నిలబడింది. 

"కొట్టకపోతే నాలుగింటికి కౌంటీ జైలుకు తోలుకపోతరు బిడ్డా. మర్డర్ కేస్. ఆడికి పోయినంక మన చేతిల ఏం ఉండదు."

గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. అంటే యాభై అయిదు నిమిషాలు.

జరిగిందిదీ. 1986 అక్టోబర్‌లో ఆ శనివారం పొద్దున పదకొండింటికి ఇక్కడే, ఈ మిల్‌వీల్ టావర్న్ అనే బీరు దుకాణంలో కాస్క్ ఏల్ పండగ మొదలైంది. కాస్క్ ఏల్ అంటే వడగట్టని బీరు. పీపాలోనే పులుస్తుంది, పీపాలోనే మడ్డి అడుక్కి దిగుతుంది. పన్నెండు పీపాలు, పన్నెండు రకాలు, ఒక్కో గుక్క రుచి చూసి మార్కులు వేసే జడ్జిలు, రెండొందల మంది జనం. వారాంతాల్లో ఇంట్లో సొంతంగా బీరు కాచుకునే పిచ్చి ఉన్న శ్యామ్‌సుందర్ వాలంటీరుగా చేరాడు. ఒంటిగంటా పదిహేనుకి జగ్గు పట్టుకుని వెనకనున్న కోల్డ్ రూమ్‌లోకి వెళ్లాడు. అయిదు నిమిషాల తర్వాత ఇంకొకరు వెళ్లి చూస్తే, టావర్న్ యజమాని హార్లన్ తల పగిలి నేల మీద పడి ఉన్నాడు. పక్కన మోకాళ్ల మీద శ్యామ్‌సుందర్. అతని చేతిలో, పీపాలకు కొళాయి దిగ్గొట్టే చెక్క సుత్తి. సుత్తికి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"సుత్తి ఆయన మెడ మీద పడి ఉంది, తీశాను. ఊపిరి ఉందేమో అని తల ఎత్తాను," అని శ్యామ్‌సుందర్ అప్పటి నుంచీ చెబుతున్నాడు. వినేవాడు లేడు. పొద్దున జనం ముందే హార్లన్ అతన్ని ఏదో పొరపాటుకి తిట్టిపోశాడు. అదొక్కటి చాలదూ పోలీసులకి?

తలుపు తోసుకుని రామమోహన్ లోపలికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. మెడ దాకా బొత్తాలు పెట్టిన ఊలు స్వెటర్ వేసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల కింద హనుమకొండ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు, ఈ టావర్న్‌లో హార్లన్‌తో సగం వాటాదారు. అంతకంటే ముఖ్యం, తిరుపతయ్య భార్య రాజేశ్వరమ్మకు సొంత తమ్ముడు. శ్యామ్‌సుందర్‌ని ఈ దేశానికి రప్పించి ఉద్యోగం చూపించింది కూడా అతనే.

"ఏంది బావా ఇది, అల్లుణ్ణి కొడ్తరా?" అన్నాడు నొచ్చుకుంటూ. "లాయర్‌కు కాల్ చేసిన. మండే దాకా రాడట. శ్యామ్, నువ్వు మాత్రం నోరు విప్పకు. ఎవ్వరికీ ఏం చెప్పకు."

శ్యామ్‌సుందర్ తల ఊపాడు. రామమోహన్ వచ్చి తిరుపతయ్య భుజం మీద చెయ్యి వేశాడు. నాలుగేళ్ల కింద రాజేశ్వరమ్మ తమ్ముణ్ణి చూద్దామని వచ్చి, అతనింట్లో బేస్‌మెంట్ మెట్ల మీద కాలుజారి పడి చచ్చిపోయింది. అప్పటికి గౌరికి పెళ్లి కూడా కాలేదు. అస్థికలను రాగి చెంబులో పెట్టుకుని రామమోహనే వరంగల్ తీసుకొచ్చాడు. ఇతని భుజం మీదే తలపెట్టి ఆ రోజు తిరుపతయ్య పసిపిల్లాడిలా ఏడ్చాడు. అందుకే బావమరిది మాట అంటే ఆయనకు గురి.

"మంచిది మోహన్. నువ్వు వీళ్ల దగ్గర కూసో. నేను జర బయట తిరిగొస్త," అన్నాడు.

*

హాల్లో జనాన్ని వరసలో నిలబెట్టి ఒక పోలీసు పేర్లు రాసుకుంటున్నాడు. కౌంటర్ మీద పన్నెండు పొడుగాటి పిడులు వరసగా నిలబడి ఉన్నాయి. మనూళ్లో బోరింగు పంపు కొట్టినట్టే ఆ పిడి లాగితే, గోడ వెనక కోల్డ్ రూమ్‌లో ఉన్న పీపా నుంచి గొట్టం ద్వారా బీరు గ్లాసులోకి వస్తుంది. తొమ్మిదో పిడికి మాత్రం ఒక కాగితం కట్టి ఉంది. దాని మీద పెన్నుతో రాసింది తిరుపతయ్య కూడబలుక్కుని చదివాడు. బాగాలేదు, పోయవద్దు, 12:50.

కౌంటర్ వెనక డెబీ అనే పిల్ల ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి కూర్చుని ఉంది.

"ఇది నువ్వు కట్టావా అమ్మా?" అని తన పోలీసు ఇంగ్లీషులో అడిగాడు.

"అవును. సడన్‌గా బురద నీళ్లలా వచ్చింది. ఇద్దరు కస్టమర్లు వాపస్ ఇచ్చారు. టైమ్ వేయడం మా రూలు."

"అంతకు ముందు?"

ఆమె జడ్జిల కాగితాలు వెతికి తీసింది. తొమ్మిదో నంబరు ఎదురుగా, పన్నెండున్నరకి, జడ్జి రాసిన మాట ఉంది. అద్దంలా తేటగా ఉంది, పదికి తొమ్మిది మార్కులు.

తిరుపతయ్య ఆ రెండు టైములనూ మార్చి మార్చి చూశాడు. ఉద్యోగంలో ఉండగా ఆయన దాడి చెయ్యని కల్లు కాంపౌండ్ లేదు. కల్తీ కల్లు కేసుల్లో ఎన్ని కల్లు కుండలు, లొట్లు పగలగొట్టించాడో లెక్కే లేదు. లొట్టి కదలకుండా ఉన్నంతసేపే మడ్డి అడుగున ఉంటుంది. ఎవరైనా తన్నారంటే మాత్రం పైకి లేచి కూర్చుంటుంది, ఇక ఆ రోజుకు దిగదు. బీరైనా అంతే కదా?

"మా అల్లుడు శ్యామ్ ఆ టైములో ఎక్కడున్నాడు?"

"నా పక్కనే. పన్నెండుంబావు నుంచి ఒంటిగంటా పది దాకా ఆ చివరి టేబుల్ దగ్గర పోస్తూనే ఉన్నాడు. వాష్‌రూమ్‌కి కూడా వెళ్లలేదు."

"పోలీసులకి చెప్పావా?"

"ఒంటిగంటా పదిహేనుకి ఏం జరిగిందనే అడిగారు సార్. దాని ముందు సంగతి ఎవరూ అడగలేదు."

తిరుపతయ్య ఆ రెండు కాగితాలూ తీసుకుని గిరుక్కున తిరిగాడు. తిరగగానే ఒక వెడల్పాటి ఛాతీకి కొట్టుకున్నాడు.

సార్జెంట్ కొవాల్‌స్కీ. ఆరడుగుల మీద ఇంకో రెండంగుళాలు. మెడ లేదు, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంటాడు. మీ భాషలో ఒప్పించి నేరం ఒప్పుకునేలా చెయ్యి అని, కబురు విని గౌరితో వచ్చిన తిరుపతయ్యను అల్లుడి దగ్గరికి పంపింది అతనే.

"నిన్ను పంపింది గదిలోకి. కౌంటర్ దగ్గరికి కాదు," అంటూ ఆయన కోటు కాలర్ పట్టుకుని గోడకు అదిమాడు. గోడ మీద అద్దం పటం ఒకటి జారి కింద పడి పగిలింది. "ఆ కాగితాలు ఇటివ్వు ముసలాయనా. ఇక్కడ నువ్వు పోలీసువి కావు."

అరవై ఒక్క ఏళ్ల మనిషి ఎదురు తిరుగుతాడని సార్జెంట్ అనుకోలేదు. తిరుపతయ్య అతని బొటనవేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. సార్జెంట్ మొహం కందగడ్డ అయింది, మోకాలు సగం వంగింది. రెండో చెయ్యి పిడికిలి బిగించి తిరుపతయ్య పక్కటెముకల్లో ఒకటి దిగేశాడు. ఊపిరి ఆగి కళ్ల ముందు చీకట్లు కమ్మినా ముసలాయన వేలు వదల్లేదు.

"హార్లన్ చచ్చింది ఒంటిగంటా పదిహేనుకి కాదు సార్జెంట్," అన్నాడు రొప్పుతూ. "పన్నెండున్నరకీ, పన్నెండూ యాభైకీ మధ్య. పీపా చెబుతోంది. పదిహేను నిమిషాలు నీతో కలిసి ఆ గది చూడనివ్వు. నేను చెప్పింది తప్పయితే నన్ను కూడా ఆ బేడీకే కట్టెయ్."

కొవాల్‌స్కీ ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత కాగితాల మీది టైములు చూశాడు. వేలు విడిపించుకుని విదిలించుకున్నాడు.

"పది నిమిషాలు," అన్నాడు.

*

కోల్డ్ రూమ్‌లో పీపాలు మోకాలెత్తు చెక్కదిమ్మల మీద అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. ప్రతిదాని మీదా సుద్దతో నంబరు. దొర్లిపోకుండా ఒక్కోదాని కింద రెండు పక్కలా చెక్కముక్కలు దూర్చారు. శవాన్ని తీసుకెళ్లిపోయారు గానీ తొమ్మిదో పీపా ముందు రక్తం మడుగు అలాగే ఉంది. గోడ మీద మనిషి ఎత్తున చిమ్మిన చుక్కలున్నాయి. కిందకు వస్తున్న కొద్దీ చుక్కలు పెద్దవయ్యాయి. తిరుపతయ్య లెక్కపెట్టాడు. నిలబడి ఉండగా ఒక దెబ్బ, వంగినప్పుడు ఒకటి, పడిపోయాక ఇంకా నాలుగు. చచ్చిన పామును కొట్టినట్టు కొట్టారు. ఎంత కసి ఉంటే మనిషి మనిషిని ఇట్లా కొడతాడు?

"మొదటి దెబ్బకి హార్లన్ ఈ పీపా మీద పడ్డాడు," అన్నాడు. "చూడు, ఈ చెక్కముక్క రెండంగుళాలు పక్కకి జరిగింది. జరిగిన చోట దాని కింద రక్తం లేదు. ముందు పీపా కదిలింది, తర్వాత రక్తం పారింది. అప్పుడే మడ్డి లేచింది. ఆ మడ్డే పన్నెండూ యాభైకి డెబీ గ్లాసులోకి వచ్చింది. అప్పుడు మా అల్లుడు ఆమె పక్కనే ఉన్నాడు."

"పీపా అయిపోవచ్చినా మడ్డి వస్తుంది," అన్నాడు కొవాల్‌స్కీ.

తిరుపతయ్య పీపా పైనున్న చిన్న రంధ్రంలోకి కొలత పుల్ల దింపి తీసి చూపించాడు. మూడింట రెండు వంతులు తడి. సార్జెంట్ పుల్ల తీసుకుని తడి ఎంతవరకుందో మళ్లీ చూశాడు.

పక్క అరమీద రెండు చిన్న రుచి గ్లాసులు ఉన్నాయి. 

"వాటిని ఫోటో తీశాం. వేలిముద్రలు మండే దాకా రావు," అన్నాడు కొవాల్‌స్కీ, ముట్టుకోకుండా టార్చి వేసి చూపిస్తూ. "మొదటి దాని అంచు మీద పెదవుల జిడ్డు ఉంది. హార్లన్‌ది. రెండోదాని అంచు శుభ్రంగా ఉంది. పోశారు, కానీ ఎవరూ తాగలేదు. అదేం పనికిరాదు."

తాగకపోతే గ్లాసు ఖాళీ ఎలా అయింది? తిరుపతయ్య మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. రెండు గ్లాసుల అడుగునా మిగిలిన చుక్క తేటగా ఉంది. అంటే పీపా కదలకముందే పట్టుకున్నారు. ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటూ తాగారు. పారబోసిన జాడ నేల మీద ఎక్కడా లేదు. అర ముందు మాత్రం నాలుగైదు బీరు చుక్కలు ఎండి ఉన్నాయి, తాగేవాడి ఒంటి మీద నుంచి జారి పడినట్టు.

ఆయన రెండో గ్లాసు అంచు వైపు మళ్లీ వంగాడు.

పెదవి తగలకుండా తాగడం ఈ దేశంలో ఎవరికి తెలుసు? తలెత్తి, గ్లాసు పైకెత్తి, గొంతులో పోసుకునేవాడు ఈ టావర్న్‌లో ఎవడున్నాడు? హత్య జరిగినప్పుడు ఇక్కడున్న రెండొందల మందిలో ఆ ఎంగిలి పట్టింపు తెలిసిన దేశం వాళ్లు ఇద్దరే. ఒకడు అల్లుడు.

అల్లుడా? తిరుపతయ్యకు ఆ రక్తం మధ్యలో కూడా నవ్వు రాబోయింది. శ్యామ్‌సుందర్ పొద్దున లేస్తూనే ఫ్రిజ్ తెరిచి, పాల డబ్బాకి నోరు పెట్టి గటగటా తాగే రకం. ఆ ఎంగిలి పాలతో పెట్టిన టీ తాగలేక మూడు నెలలుగా ఆయన నల్ల కాఫీతో కాలక్షేపం చేస్తున్నాడు. "నీ మొగుడికి శుచీ శుభ్రం నేర్పు తల్లీ" అని కూతురి దగ్గర ఎన్నిసార్లు సణిగాడో. ఆ దిక్కుమాలిన అలవాటే ఇవాళ అతని ప్రాణం కాపాడుతుందని ఎవరనుకున్నారు?

ఇక రెండోవాడు. హనుమకొండలో అత్తగారింట్లో గ్లాసుకు పెదవి తగిలిందంటే, ఆ గ్లాసు బూడిదతో మూడుసార్లు తోమాల్సిందే. పిల్లలను ఆవిడ అట్లా పెంచింది. రాజేశ్వరమ్మ చనిపోయే దాకా ఎత్తి పోసుకునే తాగింది. ఆమె తమ్ముడూ అంతే.

పైగా అంత ఉక్కగా ఉన్న ఆఫీసు గదిలో మెడ దాకా బొత్తాలు పెట్టుకుని స్వెటర్. నోరు విప్పకు, ఎవ్వరికీ ఏం చెప్పకు అని అల్లుడికి సలహా. శ్యామ్ చూసింది ఊరికే తలుపు వైపు కాదు, ఆ తలుపు అవతలున్న మనిషి వైపు. తిరుపతయ్య కళ్లు మూసుకున్నాడు. పెళ్లాం పోయాక మిగిలిన ఒక్క చుట్టం. పట్టిస్తే ఆ ఇంటి పేరు మట్టిలో కలుస్తుంది. పట్టించకపోతే గౌరి జీవితం కలుస్తుంది. ఎంతసేపు ఆలోచించాడో ఆయనకే తెలీదు గానీ, కళ్లు తెరిచేసరికి పోలీసు తిరుపతయ్యే మిగిలాడు.

"సార్జెంట్, వాటాదారు రామమోహన్‌ని ఒకసారి పిలిపించు. ఈ బీరు చెడిపోయిందో లేదో అతను రుచి చూసి చెప్పాలి. ముందు నువ్వు తాగు, అదే గ్లాసు అతనికివ్వు. ఒకటే గ్లాసు."

"డ్యూటీలో ఉన్నాను."

"నాలుక తడుపుకుంటే ఉద్యోగం పోదులే. కళ్లు మాత్రం అతని మీద పెట్టు."

*

రామమోహన్ వచ్చేటప్పటికి తిరుపతయ్య కొత్త గ్లాసులో తొమ్మిదో పీపా బీరు పట్టి ఉంచాడు. కుడితి నీళ్లలా ఉంది.

"ఏంది బావా, ఈ గదిల ఇంకా ఏం పని? చావు జరిగిన చోటు. ఈ పీపాలన్నీ డ్రెయిన్ చేయించి జనాన్ని పంపిద్దాం అంటున్న నేను ఇందాకటి నుంచి."

"పంపిద్దాం. జర రుచి చూసి చెప్పు. చెడిపోయిందంటడు ఈయన."

కొవాల్‌స్కీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. అతని మీసం నురగ గ్లాసు అంచుకి అంటింది. గ్లాసు రామమోహన్ చేతికిచ్చాడు. రామమోహన్ ఆ అంచు వంక చూశాడు. యాభై ఏళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది? తల వెనక్కి వాల్చాడు, గ్లాసు జానెడు పైకెత్తాడు, సన్నటి ధారగా నోట్లో పోసుకున్నాడు. గొంతు ముడి రెండుసార్లు పైకీ కిందికీ ఆడింది. బీరు కదా, పైనుంచి పోస్తే పొంగుతుంది. నురగ గడ్డం మీదుగా మెడలోకి జారింది. తుడుచుకోవడానికి స్వెటర్ పై బొత్తాలు రెండు విప్పాడు. లోపల తెల్ల చొక్కా కాలర్ మీద బీరు ఎండిన పాత మరక ఉంది. దాని పక్కన ఇంకో మరక ఉంది. అది బీరు కాదు.

కొవాల్‌స్కీ చెయ్యి మెల్లగా నడుము దగ్గరి రివాల్వర్ మీదకి వెళ్లింది.

"అత్తమ్మ మంచిగనే నేర్పింది మోహన్," అన్నాడు తిరుపతయ్య. "హార్లన్‌తోని తాగినప్పుడు కూడ ఎత్తే పోసుకున్నవ్. ఆ గ్లాసు అరమీదనే ఉంది."

రామమోహన్ గ్లాసు వంక చూశాడు, తర్వాత బావ వంక. మొహంలో రంగు దిగిపోయింది. కానీ గొంతు మాత్రం మారలేదు.

"రెండేండ్లు బతిమాలిన బావా. ఈ స్థలం హోటలోళ్లకు ఇచ్చేస్తే ఇద్దరం బాగుపడ్తం అని. ఒక్క సంతకం. ఈ కంపు కొట్టే పీపాలను ఇడిచిపెట్టి రానన్నడు. నవ్విండు నన్ను చూసి."

"అందుకని నా అల్లుణ్ణి పంపినవా? శవం దగ్గరికి?"

"ఎవడో ఒకడు దొరకాలె కద."

ఆ మాట అంటూనే కాలితో తొమ్మిదో పీపా కింది చెక్కముక్కను తన్నాడు. పీపా దిమ్మ మీద నుంచి దొర్లి సార్జెంట్ కాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిచినట్టు వినిపించింది. కొవాల్‌స్కీ గావుకేక పెట్టి కూలిపోయాడు. తిరుపతయ్య ముందుకు దూకేలోగా, పక్క పీపా మీదున్న రెండో సుత్తి రామమోహన్ చేతికొచ్చింది. గురి చూసింది తలకే. ఆయన పక్కకి వంగడంతో భుజం మీద దిగింది. చెయ్యి వేళ్ల దాకా చచ్చుబడిపోయింది. అయినా రెండో చేత్తో బావమరిది జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి. రామమోహన్ ముక్కు బద్దలై రక్తం ఇద్దరి మీదా చిమ్మింది. మూడోసారి కొట్టేలోగా అతని మోకాలు తిరుపతయ్య పొట్టలో గుచ్చుకుంది.

లేచేసరికి సార్జెంట్ రివాల్వర్ రామమోహన్ చేతిలో ఉంది.

"చెప్పేటోడు శ్యామ్ ఒక్కడే బావా. నేను పంపినట్టు. వాడు లేకుంటే ఈ ఎంగిలి ముచ్చట ఇక్కడి కోర్టుల ఎవడు నమ్ముతడు?"

తలుపు దభేల్‌మని మూసుకుంది. బయట గడియ పడింది. 

తిరుపతయ్య పడిపోయిన సుత్తి అందుకుని ఒంటి చేత్తో తలుపును బాదాడు. డెబీ పేరు పెట్టి అరిచాడు. గోడ అవతల తుపాకీ పేలింది. ఇంకొక్కటి పేలింది. హాల్లో జనం అరుపులు, బల్లలు పడిన చప్పుడు. అప్పుడు గడియ తీసిన శబ్దం వినిపించింది. గుమ్మంలో డెబీ నిలబడి ఉంది.

"ముసలాయనా," అని వెనక నుంచి కొవాల్‌స్కీ పళ్ల బిగువున పిలిచి, తాళాల గుత్తి ఒకటి విసిరాడు. "చిన్నది బేడీది. పెద్దది నా కారుది. నువ్వు చెప్పింది నిజమే. పరిగెత్తు."

*

ఆఫీసు గదిలో గాజుపెంకులు, మందుగుండు వాసన. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. ఒక పోలీసు పార్కింగ్ లాట్ గుమ్మంలో చెయ్యి పట్టుకుని కూర్చుని రేడియోలో అరుస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. హీటర్ పైపు కింద శ్యామ్‌సుందర్ పడి ఉన్నాడు. తొడ దగ్గర ప్యాంటు నల్లగా తడిసింది, బేడీ లాగి లాగి మణికట్టు తోలు ఊడింది. ప్రాణం ఉంది.

గౌరి లేదు.

తిరుపతయ్య మోకాళ్ల మీద పడి, పనిచేసే ఒక్క చేత్తో బేడీ విప్పాడు. అల్లుడి ఎడమ చెంప మీద అయిదు వేళ్ల అచ్చులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వాటిని చూడలేకపోయాడు ఆయన.

"నేను కొట్టింది తప్పు చెంప మీద బిడ్డా. ఎందుకు చెప్పకపోతివి?"

"జగ్గు తెమ్మని పంపింది మోహన్ అంకులే మామయ్యా. పోలీసులకి తన పేరు చెప్పొద్దు, బయట ఉంటేనే నిన్ను విడిపించగలను అన్నారు. నమ్మాను. మీకు చెబ్దామంటే, అత్తయ్యగారి తమ్ముడు, మీరు నమ్ముతారా అని..." ఊపిరి పీల్చుకున్నాడు. "నన్ను కాల్చడానికే వచ్చారు. గౌరి అడ్డం వచ్చింది. మొదటిది నా కాలికి తగిలింది. పోలీసు పరిగెత్తుకొస్తే రెండోది ఆయనకి. తర్వాత గౌరి మెడ పట్టుకుని కారులోకి లాక్కెళ్లిపోయారు. పోతూ ఒక మాట అన్నారు మామయ్యా. దానికి అర్థం నాకు తెలీలేదు."

"ఏమన్నడు?"

"'మీ అమ్మ కూడ ఇట్లనే అడ్డం నిలబడ్డది, మెట్ల మీద' అన్నారు."

తిరుపతయ్యకు బయటి సైరన్లు వినిపించడం మానేశాయి. నాలుగేళ్ల కింద వరంగల్ ఇంటి గడపలో రాగి చెంబు పట్టుకుని నిలబడ్డ రామమోహన్ కళ్ల ముందుకొచ్చాడు. ఎన్ని చావులను అనుమానించి ఉంటాడు ఆయన? ఊళ్లో ఎవరి ఇల్లాలు బావిలో పడినా, మెట్ల మీంచి జారినా, మొగుణ్ణీ మరుదుల్నీ వరసబెట్టి కూర్చోబెట్టి తన్ని అడిగాడు. సొంత పెళ్లాం చావుకి మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యలేదు. బావమరిది చెప్పింది విని, అతని భుజం తడిసేలా ఏడ్చి, దారి ఖర్చులు కూడా ఇచ్చి పంపాడు. థూ, ఇది ఒక పోలీసు బతుకేనా?

తన తువ్వాలు తీసి అల్లుడి తొడకు పళ్లతో బిగించి కట్టాడు. పైకి లేచి, సార్జెంట్ గుత్తిలో పెద్ద తాళంచెవి వెతికి పట్టుకున్నాడు. 

"మెట్లని అన్నడంటే గౌరిని ఆడికే తోలుకపోయి ఉంటడు. ఆ బేస్‌మెంట్ ఉన్న ఇంటికి దారి తెలుసా బిడ్డా?"

"తెలుసు మామయ్యా." శ్యామ్‌సుందర్ గోడ పట్టుకుని లేచాడు. "కానీ మీకు ఇక్కడ లైసెన్స్ లేదు."

"ఉన్నోళ్లందరూ పడి ఉన్నరు. నువ్వు దారి చెప్పు, నేను నడుపుత," అని ఆయన అల్లుడి నడుం చుట్టూ చెయ్యి వేసి వెనక తలుపు వైపు నడిపించాడు.